సూక్ష్మదర్శినికి అందని పేరు

నా చిన్నతనంలో మా నరసన్నపేట వీధుల్లో బోదకాలు ఒక వింత కాదు. మా నాయనమ్మకు యెడమకాలు మోకాటి దాకా వాచి వుండేది. అప్పుడప్పుడు రాత్రి తొమ్మిది దాటిన తర్వాత ఆరోగ్యశాఖవారు గాజుపలకలు, సూదులు పట్టుకొని వీధిలోకి వచ్చేవారు. నిద్రలో వున్నవాళ్లను లేపి, వేలు పొడిచి, నెత్తురు చుక్క పలకమీద పూసికొని వెళ్లేవారు. “పగలు రాకూడదా, దొంగల్లాగ యీ రాత్రిపూట యేటి?” అని మా నాయనమ్మ గొణిగేది. ఆమె ప్రశ్నకు అప్పుడెవరూ జవాబు చెప్పలేదు. చాలా యేళ్లకు పుస్తకాల్లో చదివి తెలిసికొన్నాను. బోదకాలు పురుగు పిల్లలు పగలు శరీరం లోపలి రక్తనాళాలలో దాగి, రాత్రి చర్మందాపులకు వస్తాయి. దోమ కుట్టే వేళకు అవి వస్తాయి కాబట్టి నెత్తురు తీసేవాడూ ఆ వేళకే రావాలి. అర నిమిషంలో చెప్పగల జవాబు యిది. కాని మా నాయనమ్మ అది తెలియకుండానే పోయింది.

యీ చిన్న విషయం నన్ను చాలాకాలంగా బాధిస్తూ వుంది. సూక్ష్మదర్శిని చరిత్రను మరొకసారి చదవటానికి అదే కారణం. మన పాఠ్యపుస్తకాలు ఆ చరిత్రను కటకాల వరసగా చెపుతాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో గదులు చూశాడు. తర్వాత లీవెన్‌హుక్ నీటిచుక్కలో ప్రాణులు చూశాడు. తర్వాత ఇంకా పెద్దదిగా చూపే పరికరం, తర్వాత అంతకన్నా పెద్దది. యీ వరసలో పరికరాలు పెరుగుతాయి గాని మనుషులు కనబడరు. పరికరం యెవరి చేతిలోది, దానికింద పెట్టిన నెత్తురు యెవరిది అనే ప్రశ్నలకు ఆ కథలో చోటు లేదు.

లీవెన్‌హుక్ డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారి. విశ్వవిద్యాలయం మెట్లెక్కినవాడు కాదు, లాటిన్ రాదు. గుడ్డ నేతలో పోగుల నాణ్యం చూడటానికి వర్తకులు వాడే భూతద్దం దగ్గర మొదలుపెట్టి, తన కటకాలు తానే అరగదీసికొన్నాడు. మిగిలివున్న వాటిలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది. అది అంగడిలో దొరికే సరుకు కాదు. తన పరిశోధనకు కావలసిన పనిముట్టును పరిశోధకుడే తయారుచేసికోవటం అనే సంప్రదాయానికి అతడు పెద్దదిక్కు. బట్టల అంగళ్లకు పేరుపడ్డ నరసన్నపేటలో వుంటూ యీ సంగతి చదివినప్పుడు నాకు ఆప్యాయత కలిగిందని ఒప్పుకొంటాను.

కాని చేతినేర్పు ఒక్కటే చాలదు. 1873లో ఎర్న్‌స్ట్ ఆబె అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వెలుగుతో చూడటానికి ఒక హద్దు వుందని గణితం ద్వారా తేల్చాడు. వెలుగు అలలో సుమారు సగం పొడవుకన్న దగ్గరగా వున్న రెండు చుక్కలు యెంత గొప్ప కటకంలోనైనా ఒక్కటిగానే కలిసిపోతాయి. ఆ హద్దు దాకా పోవటానికి 1878లో అతడే నూనెలో ముంచే కటకాన్ని రూపొందించాడు. పలకకూ కటకానికీ నడుమ గాలికి బదులు దేవదారు నూనె వుంటే, పక్కకు చెదరిపోయే వెలుగు కూడా కటకంలోకి వస్తుంది. మలేరియా క్రిమిని రక్తకణంలో స్పష్టంగా చూపేది యీ నూనె కటకమే. ఆబె తండ్రి నూలుమిల్లులో రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు నిలబడి పనిచేసిన కార్మికుడు. ఆ కొడుకే 1900లో యేనా పట్టణంలోని జైస్ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలుపరిచాడు. వెలుగు హద్దు తెలిసినవాడికి మనిషి ఓపిక హద్దు కూడా తెలుసు. కటకాల కథలో యీ పేజీని మన పాఠ్యపుస్తకాలు యెందుకు చింపివేశాయో ఆలోచించాలి.

ఇక మన తెలుగుగడ్డకు వద్దాం. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి నెత్తుట్లో మలేరియా క్రిమిని చూశాడు. అది ఒక మనిషి నుంచి మరొక మనిషికి యెట్లా చేరుతున్నదో యెవరికీ తెలియదు. లండన్‌లో పాట్రిక్ మాన్‌సన్ దోమను అనుమానించాడు. చైనా తీరంలోని అమోయ్‌లో 1877లో బోదకాలు పురుగు పిల్లలు దోమ కడుపులో పెరగటం చూసినవాడు ఆయనే. ఆ పరీక్షకు దోమలకు నెత్తురిచ్చినవాడు హిన్ లో అనే ఆయన తోటమాలి.

మాన్‌సన్ ప్రోత్సాహంతో యీ చిక్కు విప్పటానికి పూనుకొన్నవాడు రొనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడు. 1895లో నిజాం రాజ్యంలోని సికింద్రాబాదు దండుకు వచ్చాడు. తాను స్వయంగా రూపొందించుకొన్న చిన్న సూక్ష్మదర్శిని అతని దగ్గర వుంది. పటాలంతో తిరిగే వైద్యుడికి పెద్ద పరికరం పనికిరాదు గదా! బేగంపేట ఆస్పత్రిలో ఆ ఆగస్టు ఉక్కలో చెమటకు దాని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కంటికటకం పగిలి వుంది. పంకా వేస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా మాన్పించాడు. యీ కష్టం నిజమైన కష్టం. దీన్ని తక్కువ చేయవలసిన అవసరం మనకు లేదు.

అయితే రెండేళ్లు యెందుకు వృథా అయ్యాయి? పరికరంలో లోపం వల్ల కాదు. అతడు కోసి చూస్తున్న దోమలు ఆ రకం దోమలు కావు. సూక్ష్మదర్శిని దోమ పొట్టను వందల రెట్లు పెంచి చూపగలదు; యే దోమను కోయాలో చెప్పలేదు. ఆ సంగతి మామూలు కన్ను చెప్పాలి. 1897 ఆగస్టులో గోడమీద తోక పైకెత్తి వాలివున్న చిన్న దోమను రాస్‌కు వేలుపెట్టి చూపినవాడు అక్కడి ఆస్పత్రిలోని ఒక భారతీయ సహాయకుడు. ఆ తర్వాత పిల్లపురుగుల నుంచి పెంచిన మచ్చరెక్కల దోమలు చేతికి వచ్చాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటిచేత కుట్టించారు. దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు అతని కూలి. ఆగస్టు 20న మిగిలిన దోమల్లో ఒకదాని పొట్టగోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రంగురేణువులు రాస్‌కు కనబడ్డాయి. ఆ నలుపు రోగి నెత్తుట్లో మలేరియా క్రిమి మోసే నలుపే. మర్నాడు చివరి దోమలో అవే కణాలు ఇంకా పెద్దవిగా వున్నాయి. అంటే అవి పెరుగుతున్నాయి. క్రిమికి దోమ ఇల్లు అని తేలిపోయింది. ఆ యేడు డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ సంగతి అచ్చువేసింది. ఈలోగా పై అధికారులు రాస్‌ను రాజపుటానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో పిట్టల మలేరియామీద మిగిలిన దారి కూడా తేల్చాడు. మనిషి మలేరియా విషయం అదే యేడు ఇటలీలో గ్రాసి, ఆయన తోటివారు నిరూపించారు. 1902లో నోబెల్ బహుమానం రాస్‌కు వచ్చింది. కీర్తి యెవరిదని రాస్, గ్రాసి బతికినంతకాలం పోట్లాడుకొన్నారు.

ఇక నన్ను యీ వ్యాసానికి పురికొల్పిన సంగతి చెపుతాను. 1923లో రాస్ తన జీవితస్మృతులు పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. అందులో ఆ గోడమీది దోమను చూపిన సహాయకుని ప్రస్తావన వుంది. అతని పేరు మరచిపోయానని, అందుకు చింతిస్తున్నానని రాస్ వ్రాసికొన్నాడు. దోమ గుర్తున్నది, గోడ గుర్తున్నది, దోమ తోక నిలిచిన తీరు గుర్తున్నది. మనిషి పేరు గుర్తు లేదు.

ఇందుకు రాస్‌ను దుర్మార్గుడనటం తేలిక. అది సరికాదు. మరచిపోయానని ఒప్పుకొన్నాడు; హుసేన్ ఖాన్ పేరు దాచలేదు; అణాలు లెక్కపెట్టి ఇచ్చాడు. మరచిపోయింది ఒక వ్యక్తి జ్ఞాపకం కాదు, ఒక వ్యవస్థ పద్ధతి. ఆ వ్యవస్థలో తెల్లవైద్యుని కన్ను “పరిశీలన” అవుతుంది, నల్లసహాయకుని కన్ను “సేవ” అవుతుంది. సేవకు జీతం పట్టీలో గీత వుంటుంది గాని చరిత్రలో పేరు వుండదు. రాస్ స్వయంగా కవి. తాను కనుగొన్నదానిమీద పద్యం వ్రాసికొన్నాడు. కలకత్తాలో 1927లో వెలసిన స్మారకద్వారంమీద ఆ పద్యం చెక్కారు. హుసేన్ ఖాన్ పది అణాలకు యే ద్వారమూ లేదు.

ఆ జ్ఞానం వల్ల మేలు పొందినవారెవరు? మొదట దండులు, రేవులు, తోటల యజమానులు. అప్పట్లో మా ప్రాంతం మద్రాసు రాజధానిలో గంజాం జిల్లాకు చెందింది. కొండల్లో సవరలు మన్యపు జ్వరంతో వణుకుతూనే వున్నారు. నీలగిరుల ప్రభుత్వ తోటల్లో సింకోనా పండుతున్నా, క్వినైను అందరి గుమ్మాలకూ రాలేదు. దొరికినచోట కూడా దాని వెల వేరే రూపంలో చెల్లించవలసి వచ్చింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో వుంటూ సవరకొండలు తిరిగి ఆ భాష నేర్చారు. జ్వరం తగిలింది, క్వినైను మింగారు, చెవుడు వచ్చింది. వ్యావహారికభాష కోసం జీవితమంతా పోరాడిన ఆ చెవికి చివరకు మాటలు వినబడలేదు. ఉత్తరాంధ్రలో మలేరియా వెల యెంతో తెలియాలంటే ఆ ఒక్క చెవి చాలు.

గిడుగువారిని యిక్కడ తలచటానికి మరొక కారణం వుంది. ఆయన దగ్గర కటకాలు లేవు. సవర మనిషిని యింట పెట్టుకొని, గురువుగా ఎంచి, అతని నోటినుంచి భాష నేర్చుకొన్నారు. నేర్చినదాన్ని తిరిగి వారికే ఇచ్చారు: సవర పిల్లలకు సవరభాషలో చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పరిశీలించినవాడు పరిశీలనకు గురైనవారికి జవాబుదారీ కావటం అంటే యిది.

స్వాతంత్ర్యం వచ్చిన రోజులలో కొత్త ఆశ వుండేది. కలకత్తాలో మేఘనాద సాహా ప్రోత్సాహంతో నీరజనాథ్ దాస్‌గుప్తా 1940లలో దేశంలో మొదటి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని కట్టాడు. జర్మనీలో 1931లో రుస్కా, క్నోల్ మొదలుపెట్టిన పని యిది. వెలుగుకు బదులు ఎలక్ట్రాన్ల ధారను వాడితే ఆబె గీసిన హద్దు దాటవచ్చు. దాస్‌గుప్తా బృందం దానికింద పెట్టినవాటిలో కాలా అజార్ క్రిమి ఒకటి. మద్రాసులో 1903లో డోనోవన్ గుర్తించిన క్రిమి అది. పేదవాడి రోగాన్ని స్వదేశీ పనిముట్టుతో చూడటం ఆనాటి ఆదర్శం. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1955లో బోదకాలు నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాయి. మలేరియా దాదాపు పోయినట్టే పోయి, 1976 నాటికి అరవై లక్షలు దాటిన కేసులతో తిరిగి వచ్చింది. దోమను చూడటం నేర్చుకొన్నాం గాని, మురుగునూ గుడిసెనూ చూడటం నేర్చుకోలేదు.

ఇప్పుడు మా జిల్లాలో ప్రశ్న దోమది కాదు. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడితోటల నడుమ వున్న పల్లెల్లో మూత్రపిండాలు యెండిపోతున్నాయి. ఏళ్ల తరబడి యెందరో పరిశోధకులు వచ్చారు. నీళ్లు, మట్టి, ఎరువులు, పురుగుమందులు, ఎండలో శ్రమ—అన్నింటినీ అనుమానించారు. తిరుగులేని కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకమూ అప్పుడే మొదలయింది. ఇవి మంచి పనులు. వీటిని కోరి సాధించుకొన్నది ఆ పల్లెల జనమే.

మా కళాశాలలో చదివిన ఒక కుర్రవాడి యింటికి ఆ వైపు వెళ్లాను. అతని తండ్రి పోయాడు. తల్లికి రోగం మొదలయింది. ఆమె అన్నది: “మాస్టారూ, మా రగతం ఎన్నిపాలు అట్టుకెళ్లినారో నెక్కనేదు. అందులో ఏటుందో ఒక్కడూ తిరిగొచ్చి సెప్పనేదు.” నెత్తురు తీసికెళ్లినవారెవరో ఆమెకు తెలియదు. వారు చెడ్డవారని నేనూ అనను. ఆ నెత్తురు యెక్కడో మంచి పరికరం కింద చూడబడే వుంటుంది. యెవరో పట్టభద్రులయ్యే వుంటారు. బేగంపేట దోమతెరలో పడుకొన్న మనిషికి పది అణాలైనా ముట్టాయి. యీమెకు ఆ ఫలితం చీటీ కూడా ముట్టలేదు.

పరికరాలు చవుకయితే యీ దూరం తగ్గుతుందని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. మను ప్రకాశ్ బృందం అమెరికాలో 2014లో ప్రకటించిన కాగితపు సూక్ష్మదర్శిని ఖర్చు ఒక డాలరు లోపే. లీవెన్‌హుక్ మాదిరి ఒక్క కటకంతోనే అది పనిచేస్తుంది. మా పిల్లల చేతికి అది రావాలని నా కోరిక. కాని నేను చదివిన చోట బీరువాలో తాళం వేసివున్న సూక్ష్మదర్శినులు కూడా వుండేవి. తనిఖీ రోజున మాత్రం వాటిని తుడిచేవారు. తాళంచెవి యెవరి దగ్గర వుంది అన్నది కటకం ధరతో తేలే ప్రశ్న కాదు.

కాబట్టి రెండు పనులు చేయాలని నా మనవి. మొదటిది, ఫలితం. పల్లెనుంచి నెత్తురు తీసికొన్న ప్రతి పరిశోధన ఆ పల్లెకు తిరిగివచ్చి, ఆమెకు అర్థమయ్యే తెలుగులో జవాబు చెప్పాలి. “ఇంకా తెలియలేదు” అనేదీ ఒక జవాబే. గిడుగువారు పుట్టిన జిల్లాలో యీ మాత్రం తెలుగు కరువు కారాదు. రెండవది మా వంటి సాహిత్య ఉపాధ్యాయుల పని. ఆగస్టు 20న దోమల దినం జరిపేటప్పుడు రాస్ పేరుతోపాటు హుసేన్ ఖాన్ పేరు చెప్పాలి. వేలుపెట్టి దోమను చూపిన ఆ సహాయకునికి పేరు లేదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి.

ఆ పేరు ఇక దొరకదు. ఉద్దానంలో నెత్తురిచ్చినవారి పేర్లు మాత్రం ఇంకా దొరుకుతాయి. వారిలో చాలామంది ఇంకా బతికే వున్నారు.