ఈద్ కటోరాలో మేవాల సఫర్

షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. రెండూ ఫార్సీ మాటలే. రంజాన్ ఈద్ నాడు మన ఇళ్లలో ఉడికే షీర్ ఖుర్మా పేరులో సేమ్యా లేదు, చక్కెర అసలే లేదు. ఆ పేరు ప్రకారం చూస్తే మిగతావన్నీ మెహమాన్లే. ఆ మెహమాన్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో వెతికితే ఒక్క కటోరాలో సగం దునియా తవారీఖ్ దొరుకుతుంది.

బాదం, పిస్తా, కిష్మిష్. ఈ పేర్లను తెలుగు కూడా ఫార్సీ నుంచి ఉన్నవున్నట్టు తీసుకుంది. సరుకుతో పాటే పేరూ వచ్చిందన్నమాట. 1504లో కాబూల్‌ను గెలిచిన బాబర్ అక్కడి బాదం, అఖ్రోట్‌ల గురించి బాబర్‌నామాలో ఇష్టంగా రాసుకున్నాడు. హిందుస్తాన్‌లో మంచి ద్రాక్ష లేదనీ, ఖర్బూజా లేదనీ గిలా కూడా చేశాడు. పచ్చి పండు అంత దూరం రాలేదు. ఎండిన పండు, గట్టి పెంకులోని పప్పు వచ్చాయి. చలికాలంలో అఫ్గాన్ పొవిందాల ఒంటెల కారవాన్లు కనుమలు దాటించి తెచ్చేవి. టాగోర్ 1892లో రాసిన ‘కాబూలీవాలా’ కథలో రహమత్ వచ్చింది ఆ దారినే.

కాజుది వేరే రాస్తా. అది కొండలు కాదు, సముద్రం దాటింది. బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు గోవాకు తెచ్చిన చెట్టు అది. కాజు అన్న పేరు కూడా వాళ్ల భాషదే. ఇవాళ మన శ్రీకాకుళం జిల్లా పలాస అంటేనే జీడిపప్పు.

మరి చిరోంజీ? చాలామంది దాన్ని కూడా ఇరానో తురానో అనుకుంటారు. అది మన సారపప్పే! ఎండాకాలంలో అడవిలో మొర్రి పండ్లు పండితే ఆదివాసీలు ఏరి తెస్తారు. ఆ గింజ పగలగొడితే వచ్చే పప్పే చిరోంజీ. అంటే దక్కన్ అడవి మెహనత్ కూడా మన ఈద్ కటోరాలో ఉంది.

ఇక సెహత్ సంగతి. హకీములు బాదంను దిమాగ్‌కు తాఖత్ అని తినమన్నారు. ఇవాళ్టి పరిశోధన దిల్ మాట చెబుతోంది. స్పెయిన్‌లో ఏడు వేలమందికి పైగా పాల్గొన్న ప్రెడిమెడ్ అధ్యయనం 2013లో వచ్చింది. లోపాలు సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించారు. అక్కడి సంప్రదాయ భోజనంతో పాటు రోజుకు 30 గ్రాముల అఖ్రోట్, బాదం, హేజల్‌నట్ ఇచ్చినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువగా కనిపించాయి. 30 గ్రాములంటే ఒక ముట్ఠీ, అంతే. పళ్లెం కాదు!

దావత్‌లో సెహత్ పాడు చేసేది చాలాసార్లు మేవా కాదు, దాని చుట్టూ చేరేవి. నెయ్యిలో వేయించడం, ఉప్పు పట్టించడం, చక్కెర పోయడం. మా అబ్బాకు షుగర్. అందుకే చక్కెర వేసే ముందే అమ్మీ ఆయన కటోరా పక్కకు తీస్తుంది. ఒక ఖర్జూరం ముక్కలు, కాస్త ఎక్కువ బాదం, పిస్తా. దస్తర్‌ఖాన్ మీద అందరితో కలిసి కూర్చుని తినడం ఆయనకు ముఖ్యం. పండగ పూట ఇంటి పెద్దను పరహేజ్ పేరుతో ఒంటరిని చేయకూడదు కదా. అయితే ఐదేళ్ల లోపు పిల్లలకు గుండు పప్పులు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. దంచి ఇవ్వండి. ఎవరికైనా ఎలర్జీ ఉందేమో ముందే అడగండి.

“మేవా అమీరుల తిండి” అనే మాట తరచూ వింటాం. ధర చూస్తే నిజమే. కానీ హదీసుల్లో ఫిత్రా కొలత చెప్పినచోట బార్లీతో పాటు ఖర్జూరం, కిష్మిష్ కూడా ఉన్నాయి. ఈద్ నమాజ్‌కు ముందే అది గరీబుల ఇంటికి చేరాలి. అంటే వాళ్ల హిస్సా తీశాకే మన పండగ. బాదం కొనలేని ఇంట్లో వేయించిన పల్లీలున్నా ఫరక్ లేదు, సెహత్‌కు అవీ మంచివే. పైగా అవి కూడా కాజులాగే దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చిన ముసాఫిర్లే. ఈసారి ఈద్‌కు పొరుగింటికి కటోరా పంపేటప్పుడు పైన ఒక ముట్ఠీ మేవా వేసి పంపండి. మన వంతు తగ్గితే సెహత్, వాళ్ల వంతు పెరిగితే బర్కత్.