కోలిస్టిన్: మూలన పడేసిన మందే దిక్కైనప్పుడు

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి ఇండియా వెళ్ళినప్పుడు మా నాన్నగారు న్యుమోనియాతో ఐసీయూలో చేరారు. కల్చర్ రిపోర్టు నిండా ‘ఈ మందుకు లొంగదు’ అనే వరసలే. చివరికి మిగిలింది కోలిస్టిన్ ఒక్కటే. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మెల్‌బోర్న్ తిరిగి వచ్చాక చదివి తెలుసుకున్నది మనవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఏమిటీ మందు?
1940ల చివర్లో జపాన్‌లో ఒక బాక్టీరియా నుంచి తీశారు. క్లెబ్సియెల్లా, ఈ-కోలై వంటి బాక్టీరియాల పైపొరను ఇది చీలుస్తుంది. కిడ్నీలకు, నరాలకు హాని చేస్తుందని 1970ల నుంచి దాదాపు పక్కన పెట్టేశారు. కొత్త మందులకు లొంగని బాక్టీరియాలు పెరగడంతో 1990ల నుంచి మళ్ళీ బయటికి తీశారు.

మోనాష్ పరిశోధన
పాతకాలపు మందు కనుక డోసుకు సరైన లెక్కలు లేవు. ఇంజెక్షన్‌గా ఇచ్చేది నేరుగా కోలిస్టిన్ కాదు, ఒంట్లోకి వెళ్ళాక నెమ్మదిగా కోలిస్టిన్‌గా మారే రూపం. మన మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీలో రోజర్ నేషన్, జియాన్ లీ ఈ లెక్కలపై ఏళ్ళ తరబడి పనిచేశారు. 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల రచయితల్లో వీరిద్దరూ ఉన్నారు. రోగం తగ్గించే డోసుకూ కిడ్నీని దెబ్బతీసే డోసుకూ తేడా చాలా తక్కువ. నాన్నగారికి రోజూ క్రియాటినిన్ ఎందుకు చూశారో అప్పుడు అర్థమైంది. మధ్యలో అది పెరిగింది, తర్వాత దిగింది. మూడు వారాలకు ఇంటికొచ్చారు.

ఇదీ చేజారితే?
కోలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరోదానికి పాకుతుందని 2015లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పశువుల పెంపకంలో ఈ మందు విచ్చలవిడిగా వాడటం అందుకు ముఖ్య కారణం. 2019 జులైలో భారత ప్రభుత్వం కోళ్ళకు, చేపలకు, ఆహారం కోసం పెంచే ఇతర జంతువులకు దాన్ని నిషేధించింది. ఇప్పుడు కొన్ని కొత్త మందులున్నాయి. వాటిలో ఒకదానికి 1980ల నాటి అజ్ట్రియోనమ్‌ను జత చేసి కూడా వాడుతున్నారు. అవి దొరికి, పనిచేసే చోట కోలిస్టిన్ దాకా వెళ్ళరు.

మనం చేయగలిగింది
జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ వద్దు. ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులు సొంతంగా మింగవద్దు. అమ్మానాన్నలు ఇటీవల అక్కడ ఆసుపత్రిలో ఉండి వస్తే, ఇక్కడి ఆసుపత్రిలో ఆ మాట ముందే చెప్పండి. కల్చర్ రిపోర్టులు దగ్గర ఉంచుకోండి. మా నాన్నగారికి మిగిలిన ఆ ఒక్క మందు రేపు మరో ఇంటి పెద్దవారికీ మిగలాలి కదా!