విలువల కొలత, రోగి సాక్ష్యం

సిడ్నీలో టార్బన్ క్రీక్ పిచ్చాసుపత్రి 1838లో మొదలైంది. ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దం పాటు ఆస్ట్రేలియాలో మానసిక రోగిని గురించి రాసినవారు ప్రధానంగా వైద్యులు, అధికారులు. రోగికి ఏ జబ్బు చేసిందన్నది వారి ప్రశ్న. జీవితంలో అతనికి ఏది ముఖ్యమన్న ప్రశ్న శాస్త్రంలోకి చాలా ఆలస్యంగా, చుట్టుదారిన వచ్చింది.

అమెరికన్ మనస్తత్వవేత్త మిల్టన్ రొకీచ్ 1959లో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఆసుపత్రిలో, తామే క్రీస్తులమని నమ్మే ముగ్గురు రోగులను ఒకచోట చేర్చి, ఆ నమ్మకాన్ని సడలించే ప్రయత్నం చేశారు. వారి భ్రమలు నయం కాలేదు. అలా జోక్యం చేసుకునే హక్కు తనకు లేదని ఆయనే తరువాత అంగీకరించారు. 1960ల చివర ఆయన రూపొందించిన విలువల పట్టిక స్వభావం వేరు. అందులో 18 జీవితధ్యేయాలు, 18 నడవడికి చెందిన విలువలు ఉంటాయి. వాటిని ప్రాధాన్యక్రమంలో అమర్చేది జవాబిచ్చే వ్యక్తే. అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో నార్మన్ ఫెదర్ ఈ పట్టికతో విస్తృతంగా పరిశోధించి, 1975లో గ్రంథం వెలువరించారు. అయితే అది ప్రధానంగా విద్యకు, సమాజానికి సంబంధించిన అధ్యయనం.

మనోవైద్యంలో మార్పుకు హక్కుల చర్చ తోడ్పడింది. మానసిక రోగుల హక్కులకు జరుగుతున్న భంగాన్ని 1993లో బర్డెకిన్ నివేదిక దేశం ముందుంచింది. 2003లో వులోంగాంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రెసెన్, ఓడ్స్, కపుటి స్కిజోఫ్రీనియా నుండి కోలుకున్నవారి అనుభవ కథనాలను పరిశీలించారు. ఆశ, స్వీయగుర్తింపు, జీవితార్థం, బాధ్యత అనే నాలుగు అంశాలను వాటిలో గుర్తించారు. లక్షణాలు పూర్తిగా పోకున్నా కోలుకోవడం సాధ్యమేనన్నది ఈ దృక్పథం. అదే విశ్వవిద్యాలయంలో రూపొందిన సహకార చికిత్సా నమూనా, రోగి విలువలను తెలుసుకుని వాటి ఆధారంగా లక్ష్యాలను నిర్ణయిస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. తీవ్ర కుంగుబాటులో ఉన్న మనిషి ‘సాధన’ను పట్టిక అడుగున పెడితే, అది అతని విలువా, జబ్బు తెచ్చిన నిస్సత్తువా? ఒక్కసారి కొలిస్తే తేలదు. కొంతకాలం తరువాత మళ్ళీ అడగాలి. రెండవది సంస్కృతికి సంబంధించినది. మెల్‌బోర్న్‌లోని తెలుగువాడు స్వతంత్రత కన్నా కుటుంబ భద్రతను పైన పెడితే, దాన్ని పరాధీనతగా చదివే ప్రమాదం ఉంది. రొకీచ్ పట్టికలో ఆ రెండూ విలువలే. ఏది పైనుండాలో పట్టిక చెప్పదు.

అందువల్ల రోగి ఇచ్చిన క్రమాన్ని వ్యాధిలక్షణంగా కొట్టివేయకుండా, అలా ఎందుకు అమర్చాడో అతన్నే అడగడం పరిశోధకుని బాధ్యత. ఆ జవాబును బట్టి అతని ఉద్యోగం, నివాసం, మందుల విషయంలో నిర్ణయాలు మారకపోతే, విలువల పట్టిక కూడా రోగి ఫైలులో మరో కాగితంగానే మిగిలిపోతుంది.