హైదరాబాదు తొలి మేయరు మాడపాటి హనుమంతరావు పంతులుగారు

1926లో ఇటలీ దేశమున ముస్సోలినీ ప్రభుత్వము, మేయరును ఎన్నుకొను పద్ధతిని రద్దుచేసి, 'పొదెస్తా' అను పేర తానే పట్టణాధ్యక్షులను నియమింపసాగెను. అట్టి అధ్యక్షుడు పైవారికి జవాబుదారియే గాని ఊరివారికి గాడు. నిజాము రాజ్యమును ఫాసిస్టు రాజ్యమనుట సరికాదు. అయినను ఇచ్చటను అధికారము పైనుండి దిగునదే. గస్తీ నిషాన్ 53 ప్రకారము సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలసియుండెను. ఇట్టి పాలనలో నొక పురప్రముఖుడు దొరతనమువారి మనిషి గాక ప్రజల మనిషిగా నిలుచుట యెట్లు?

1921 నవంబరులో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార మహాసభ జరిగెను. అందు తెలుగున ప్రసంగింపబోయిన అల్లంపల్లి వెంకటరామారావుగారిని సభికులు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. దానికి వెన్నెముకయై నిలిచినవారు వకీలు మాడపాటి వారు. గ్రంథాలయములు, పాఠశాలలు స్థాపించుట ఆ సంఘపు పని. వెట్టిచాకిరిని గూర్చిన సర్కారు ఉత్తరువులనే తెలుగున అచ్చొత్తించి పల్లెలకు చేర్చిరి. దొర గడీలో వెట్టిచేయు వానికి తన పక్షమున చట్టమొకటి గలదని తెలియుట చిన్నవిషయమా!

1928లో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. ఉర్దూ బోధన సాగు రాజ్యములో దానికి ఆదరణ లభింపకుండుటచే, ఆ కార్వేగారి మహిళా విద్యాపీఠపు పరీక్షలకే బాలికలను పంపిరి. 1935లో నాటి మన కరీంనగరు జిల్లా సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభకు పంతులుగారే అధ్యక్షులు.

ఆయన మార్గము మరీ మెత్తనిదని యువకు లాక్షేపించిరి. 1944లో భువనగిరి సభనాటికి మహాసభ అతివాదుల చేతికి పోయెను, మితవాదులు వేరైరి. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. రజాకారుల తుపాకి అర్జీలకు లొంగునది గాదు. అయితే ఆ యువకులలో ననేకులు చదువ నేర్చినది ఇట్టి గ్రంథాలయములలోనే గదా!

1951లో హైదరాబాదు నగరపాలక సంఘమునకు ఎన్నికలు జరుగగా, అరువదియారేండ్ల పంతులుగారు తొలి మేయరుగా ఎన్నికైరి. 1955లో పద్మభూషణ బిరుదము, పిదప శాసనమండలి అధ్యక్షపదవి లభించెను. 1970లో కాలధర్మము నొందిరి. నారాయణగూడలోని బాలికల పాఠశాల ఆయన పేరనే వెలసియున్నది.