పైన పటారం సంగతి తరవాత

కూర్చోరా అబ్బాయ్, ఆ ఫోను పక్కన పెట్టు. మీ పెదనాన్న గొడ్ల సావిట్లో గోనెపట్టాల కింద పడున్న యెజ్డీని ఇంట్లోనే బాగుచేస్తానంటున్నావట. చాలా సంతోషం. వచ్చే ఆదివారానికల్లా రోడ్డెక్కిస్తానన్నావు చూడూ, అక్కడ మాత్రం నవ్వాగలేదు నాకు.

అసలది ఏం బండో తెలుసా? దీని మొదటి పేరు జావా, పుట్టిల్లు చెకోస్లోవాకియా. 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా వాళ్లు ఇక్కడే తయారుచెయ్యడం మొదలెట్టారు. 1973 నుంచి యెజ్డీ అన్న పేరొచ్చింది. 250 సీసీ, టూ స్ట్రోకు, రెండు వైపులా రెండు సైలెన్సర్లు. ఊరి పొలిమేరలో ఉండగానే ఎవరొస్తున్నారో చప్పుణ్ణిబట్టి చెప్పేవాళ్లం. పెట్రోలు లీటరు మూడు రూపాయల పైచిలుకు ఉన్న రోజులవి. బంకులో కుర్రాడు ఆయిలు కొలిచి పోసి, బండిని అటూ ఇటూ ఊపి కలిపి మరీ పంపేవాడు. యెజ్డీ దిగిన మనిషికి కండువాతో కుర్చీ దులిపి వేసేవాళ్లు, నమ్ముతావా? ఆ బండి పెట్టందే పీటలెక్కనని విడిదింట్లో అలిగి కూర్చున్న పెళ్లికొడుకుల్ని చూశాను. అందులో ఒకాయనకి సైకిలు తొక్కడమే అంతంతమాత్రం! సరే, పెళ్లిళ్లలో పడితే తెల్లారిపోతుంది.

కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు. 1980ల నడుమ నూరు సీసీ బండ్లు దిగి లీటరుకి ఎక్కువ దూరం వెళ్తుంటే, యెజ్డీలని కిలోల లెక్కన పాత ఇనుముకి తోలేశారు. 1996లో ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఇప్పుడు అలా తోలేసినవాళ్ల కొడుకులే బెజవాడ ఆటోనగర్‌లో ఒక్క సైలెన్సరు కోసం కొట్టు కొట్టూ తిరుగుతున్నారు.

ఇక పనికొద్దాం. ముందు కిక్ రాడ్డు పోయిందని కంగారుపడకు. ఈ కాలం మెకానిక్కు కుర్రాళ్లు దానికోసం బండిచుట్టూ ప్రదక్షిణాలు చేస్తారు. ఎడమవైపు గేరు రాడ్డుందే, దాన్నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. స్టార్టయ్యాక మళ్లీ అదే గేరు.

ఇన్నేళ్లు కదలని ఇంజను కాబట్టి పిస్టను పట్టేసి ఉంటుంది. ఎగిరి కిక్కు కొట్టకు. ప్లగ్గు తీసి, ఆ కన్నంలోంచి కాస్త డీజిలు పోసి, రెండు మూడు రోజులు వదిలెయ్. తరవాత చేత్తో మెల్లగా కదిపి చూడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? విప్పే ముందు ప్రతిదీ ఫొటో తీసుకో, పక్కన పెట్టమన్న ఫోను దీనికి పనికొస్తుంది. విప్పిన నట్టూ బోల్టూ డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో రాసి అంటించు. తుప్పు పట్టినా సరే, పాత సామాను ఒక్కటీ పారెయ్యకు.

అందరూ మరిచిపోయేది క్రాంకు ఆయిల్ సీళ్లని. టూ స్ట్రోకులో పెట్రోలూ గాలీ ముందు క్రాంకు గదిలోకి వెళ్లి, అక్కణ్ణుంచి పైకి సిలిండర్లోకి వెళ్తాయి. ఆ గదిలోకి బయటి గాలి చొరబడకూడదు. వాడకుండా ఉంచితే సీళ్ల రబ్బరు బిగుసుకుపోయి పట్టు వదులుతుంది. అప్పుడు ఇంజను పక్కనున్న గేరు ఆయిలుని లోపలికి పీల్చి కాలుస్తుంది. తెల్లపొగ వీధంతా కమ్ముతుంది. కార్బొరేటరు ఎన్నిసార్లు కడిగినా ఆ పొగ ఆగదు. గేరు ఆయిలు ఊరికే తగ్గిపోతోందంటే అనుమానం అక్కడే పెట్టుకో. చవకైన రబ్బరు ముక్క, కానీ దాన్ని మార్చాలంటే ఇంజను విప్పాల్సిందే. అందుకే ఎలాగూ విప్పినప్పుడే కొత్తవి వేసెయ్.

రంగు ఆఖర్న. మనవాళ్లు బండి దొరికిన మర్నాడే మెరిసే రంగు కొట్టించి, నికెల్ పూత వేయించి, ఇంజను ముట్టుకోకుండా వాకిట్లో నిలబెడతారు. పైన పటారం, లోన లొటారం. పాత రంగు కొంచెం బతికున్నా దాన్ని నేనైతే ఉంచేస్తాను, మెరుగుపెడితే చాలు. ఫ్యాక్టరీలో పడ్డ రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు.

ఇంకొక్క మాట, ఇది వినకుండా లేవకు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకోవాలి. కాబట్టి సీ-బుక్కు ఎవరి పేరున ఉందో మీ పెదనాన్నని అడిగి, ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ అందులో ఉన్నవాటితో సరిచూసుకుని, ఆ తరవాతే పానా పట్టుకో.