రిష్తా

రిష్తా అంటే మనకు చుట్టరికం. 'మంచి రిష్తా వచ్చింది' అంటే పెళ్లి సంబంధం వచ్చిందని. ఫార్సీలో ఈ లఫ్జ్‌కు అసలు మానా దారం, పోగు. పిండితో చేసిన సన్నటి పోగులకూ అదే పేరు. ఇరాన్‌లో ఇవాళ్టికీ ఆకుకూరలు, పప్పులు, ఈ పోగులు కలిపి 'ఆష్-ఎ-రిష్తే' అని చిక్కటి షోర్బా వండుతారు.

ఇదెందుకు యాదికొచ్చిందంటే, మొన్న రమ్‌జాన్‌లో మా రఘునాథపల్లి ఇంట్ల ఇఫ్తార్‌కు మా బిడ్డ కూరగాయలు, చీజ్ వేసి పాస్తా బేక్ చేసింది. దస్తర్‌ఖాన్ మీద పెట్టంగనే మా ఫుప్పమ్మ 'యే అంగ్రేజోంకా ఖానా, అప్నా నై' అని గిన్నె అవతలికి జరిపింది. అప్నా, పరాయా. ఈ మాటలు మాకు కొత్త కాదు. ఈ మట్టిలో దఫనైన దాదా పర్‌దాదాల ఔలాద్‌ను పట్టుకొని 'మీరు బయటి నుంచి వచ్చినోళ్లు' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నరు. అసొంటి మాట మా దస్తర్‌ఖాన్ మీదనే వినవడితే దిల్ ఊరుకోలేదు. పాస్తా తారీఖ్ కొంత తవ్విన.

పాస్తాను మార్కోపోలో చీనా నుంచి ఇటలీకి తెచ్చిండని ఒక కహానీ ఉంది. మన కాకతీయుల మోటుపల్లి గురించి, ఆ ముల్కును ఏలిన రాణి గురించి రాసిన మార్కోపోలోనే. ఆయన వెనిస్‌కు వాపస్ వచ్చింది 1295లో. అంతకు నూట నలభై ఏళ్ల ముందే, 1154లో, అల్ ఇద్రీసీ అనే ముసల్మాన్ భూగోళ పండితుడు సిసిలీ రాజు రెండో రోజర్ దర్బార్‌లో ఉండి ఒక కితాబ్ పూర్తి చేసిండు. పలెర్మో దగ్గర త్రబియా అనే ఊర్లో 'ఇత్రియా' పెద్ద ఎత్తున తయారైతదని, అక్కడి నుంచి ముసల్మాన్ల ముల్కులకూ ఈసాయీల ముల్కులకూ ఓడలకు ఓడలు పోతదని అందులో రాసిండు. ఇత్రియా అంటే ఎండబెట్టిన పిండిపోగులే. ఇటలీ దక్షిణాన సాలెంతోలో శనగలతో వండే పాస్తాను ఇప్పటికీ 'త్రియా' అంటరు. అరబ్బీ లఫ్జ్ గిన్నెలో అట్లనే మిగిలిపోయింది. మరి మార్కోపోలో కహానీ? దాన్ని బాగా నడిపించింది 1929లో అమెరికా మాకరోనీ వ్యాపారుల పత్రిక. సౌదా కోసం తారీఖ్‌ను వంచడం అన్ని దేశాల్లో ఉన్నదే.

ఓడల్లో నెలల కొద్దీ పోయినా పాడు కాకపోవడానికి కారణం గట్టి గోధుమ రవ్వ, మంచి ఎండ. మా నానీమా ఈద్‌కు ముందు నులక మంచం మీద తెల్ల చాదర్ పరిచి సేవయ్యా ఎండబెట్టేది. సముద్రం ఎన్నడూ చూడని మనిషి. హునర్ మాత్రం అదే.

కూరగాయల సంగతి ఇంకా మజా. క్యాప్సికమ్, టమాట, మిర్చి మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. మిర్చిని మన తీరానికి దించింది పోర్చుగీసోళ్లు. ఆఖరికి ఫుప్పమ్మ ఒక చంచా నోట్లో పెట్టుకొని 'ఫీకా హై' అని ఎర్ర కారం చల్లుకుంది. ఆ కారం అప్నా అని ఆమెకు పక్కా యఖీన్.

మా ఇంట్ల ఓవెన్ లేదు. బిడ్డ మక్కన్‌లో మైదా వేయించి, పాలు పోసుకుంట ఉండలు కట్టకుండ తిప్పింది. సగం పైన ఉడికిన పాస్తా, క్యారెట్, బీన్స్, క్యాప్సికమ్ అందులో కలిపి, పైన చీజ్ తురిమి, పెనం మీద దేగ్చీ పెట్టి మూత మీద నిప్పులు పోసింది. బిర్యానీకి పెట్టే దమ్మే. మీది సెగకే చీజ్ ఎర్రగ కాలుతది.

ఇగ ఆ చీజ్ మీద ఫుప్పమ్మ షక్ వేరే. హలాలా కాదా అని. వాజిబీ సవాలే. పాతకాలం నుంచి యూరప్‌లో పాలు విరగ్గొట్టింది ఎక్కువగా లేగదూడ కడుపులోని రసంతోనే. బిడ్డ పాకెట్ తెచ్చి దాని మీది పచ్చచుక్క చూపెట్టింది. ఫుప్పమ్మ అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది. ఫార్సీలో చీజ్‌ను ఏమంటరో తెలుసా అని నేనడిగిన.

పనీర్.