పాటన్ శిల్పుల చేతిలో పసిడి బుద్ధుడు

అమరావతిలో 2006 జనవరిలో జరిగిన కాలచక్ర మహోత్సవం మన ప్రాంతవాసులకు గుర్తుండే ఉంటుంది. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు తొలుత బోధించినది ధాన్యకటకంలోనేనని టిబెటన్ బౌద్ధుల విశ్వాసం. వారి ఆరామాలలో పూజలందుకునే బంగారు పూత విగ్రహాలలో అనేకం నేపాల్‌లోని పాటన్ పట్టణంలో రూపుదిద్దుకుంటాయి. లలితపుర్ అనే మరో పేరు గల ఈ పట్టణం ఖాట్మండును ఆనుకుని బాగమతి నది ఒడ్డున ఉంది.

ఇక్కడి నేవార్ జాతిలోని శాక్య కుటుంబాలకు ఇది కులవృత్తి. ఈ లోయకు చెందిన అరనికో (1245-1306) 80 మంది కళాకారులతో టిబెట్ వెళ్లి, అటుపై కుబ్లాయ్ ఖాన్ కొలువులో చేరాడు. బీజింగ్‌లోని శ్వేత స్తూపం ఆయన నిర్మాణమే.

ముందుగా మైనంతో విగ్రహాన్ని మలుస్తారు. దానిపై మట్టి, పేడ, ఊక కలిపిన పూతలు పొరలు పొరలుగా వేసి ఆరబెడతారు. కాల్చగా మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన రాగి పోస్తారు. విగ్రహాన్ని వెలికి తీయాలంటే మట్టి అచ్చును పగులగొట్టవలసిందే. కనుక ఒక అచ్చుకు ఒకే విగ్రహం. అటుపై ఉలితో నగిషీ చెక్కడానికి వారాలు, పెద్ద విగ్రహాలకైతే నెలలు పడుతుంది.

అసలు కష్టం బంగారు పూతలో ఉంది. మేలిమి బంగారాన్ని పాదరసంతో కలిపి ముద్దగా నూరి, రాగిపై రుద్ది, మంటతో వేడి చేస్తారు. పాదరసం ఆవిరై పోగా బంగారం రాగిని అంటిపెట్టుకుంటుంది. పిదప నున్నని రాతితో మెరుగు పెడతారు. చూపరులను ముగ్ధులను చేసే ఆ కాంతి వెనుక విషపు ఆవిరి ఉంది. అది ఊపిరితిత్తులను, మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుంది. చేతుల వణుకు దాని లక్షణాలలో ఒకటి. చేతి నైపుణ్యమే జీవనాధారమైన వానికి ఇంతకు మించిన శాపమేముంటుంది? విద్యుత్తుతో పూత వేసే పద్ధతి ఉన్నప్పటికీ, పాత పూతకుండే నిండుదనం దానికి రాదని కొనుగోలుదారులు పెదవి విరుస్తారు. ఆ మెరుపు కోరేవారు దాని మూల్యాన్ని కూడా ఎరిగి ఉండాలి.

బంగారు వర్ణం కేవలం ఆడంబరం కాదు. మహాపురుషునికి చెప్పిన 32 లక్షణాలలో పసిడి మేనిఛాయ ఒకటి. శిరస్సుపై ఉష్ణీషం జ్ఞానానికి గుర్తు. సాగిన చెవులు, రాకుమారునిగా ధరించిన బరువైన కుండలాలను విడిచిన త్యాగాన్ని తలపిస్తాయి. కుడిచేయి నేలను తాకుతుంటే అది భూస్పర్శ ముద్ర: మారుని జయించిన వేళ భూమిని సాక్షిగా పిలిచిన ఘట్టం. ఒడిలో రెండు చేతులూ చేరితే ధ్యానం, అరచేయి ఎత్తితే అభయం. ఖడ్గం ధరించినవాడు మంజుశ్రీ. ఆ కత్తి నరికేది అజ్ఞానాన్ని.

విగ్రహం లోపల బోలుగా ఉంటుంది. ప్రతిష్ఠ సమయంలో మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాన్యం, సుగంధ ద్రవ్యాలు అందులో నింపి, అడుగున రాగి రేకుతో మూస్తారు. ఆ రేకుపై అడ్డంగా, నిలువుగా కలిసిన జంట వజ్రాయుధం గుర్తు చెక్కి ఉంటుంది. భక్తులు ఆ రేకును తెరవరు.